సముద్రపు పొడి, సాంచాకు వేలాడిన క్యాను

ల్యాబు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా ఒకటే అడుగుతారు. "మేడమ్, మీ సర్వీసులో మీరు మరచిపోలేని కేసు ఏది?" నేను ఏదో నోరు తిరగని జబ్బు పేరు చెబుతానని ఎదురుచూస్తారు. నేనేమో మూత్రం క్యాను దగ్గర మొదలుపెడతాను. వెంటనే ముఖాలు ముడుచుకుంటారు. ముడుచుకోండి నాయనా. అవి మోసినవాళ్లం మేము బాగానే ఉన్నాం, వినడానికి మీకెందుకంత కష్టం?

నేను జగిత్యాలలో ఒక ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌గా చేశాను. ఇల్లు కోరుట్లలో. రోజూ బస్సులో వచ్చిపోయేదాన్ని. రిటైర్మెంటు దగ్గర పడ్డాక ఇక ఏ కొత్త పనీ నెత్తిన వేసుకోకూడదని గట్టిగా అనుకున్నాను. సరిగ్గా అప్పుడే వచ్చిపడింది ఈ సముద్రపు పొడి.

సముద్రం ఒడ్డున ఉన్న ఒక పరిశోధనశాల వాళ్లు అక్కడి నాచు నుంచి ఒక పదార్థం తీశారు. మన మూత్రంలో ఉప్పు రవ్వలాంటి పలుకులు తయారవుతూనే ఉంటాయి. ఎక్కువమందిలో అవి నీళ్లతో పాటు బయటకు పోతాయి. కొందరిలో మాత్రం కిడ్నీ లోపలి గోడకు అంటుకుని, ఒకదాని మీద ఒకటి పేరుకుని రాయి అవుతాయి. నాచులోని పదార్థం ఆ పలుకులకు పూతలా పట్టి, వాటిని గోడకు అంటనివ్వదని వాళ్ల ఆలోచన. గాజు గొట్టాల్లో అట్లాగే జరిగిందట. మనిషి ఒంట్లో జరుగుతుందా లేదా అన్నది మేము చూడాలి. ఉన్న రాయిని కరిగించడానికి కాదు, ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ రాకుండా చూడటానికి. ఈ తేడా చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది.

పొట్లాలన్నీ చూడటానికి ఒకటే. సగం పొట్లాల్లో అసలు పొడి, సగం పొట్లాల్లో ఉత్త పిండి. ఎవరికి ఏది పోయిందో మాకూ తెలియదు, తాగేవాళ్లకూ తెలియదు. ఆ గుట్టు సముద్రం ఒడ్డు వాళ్ల దగ్గరే భద్రంగా ఉంటుంది. తాగేవాళ్లు రోజుకొక పొట్లం నీళ్లలో కలుపుకోవాలి. మేము చెప్పిన రోజున, ఆ పగలూ రాత్రీ పోసిన మూత్రమంతా ఒక తెల్ల క్యానులో పట్టి ఇవ్వాలి. అందులో పలుకులు ఎన్ని ఉన్నాయో, ఎట్లా ఉన్నాయో నేను చూస్తాను. ఎవరి వివరం బయటపడకూడదు కాబట్టి క్యాను మీద పేరు రాయకూడదు, నంబరు మాత్రమే ఉండాలి.

ఈ పనికి మేము ముగ్గురం. ఒకరు హైదరాబాదులో చదివి వచ్చిన చిన్న వయసు డాక్టరమ్మ. తెలివిగలది, కంగారు ఎక్కువ. రెండో ఆయన జీపు డ్రైవరు, ముస్తాబాదు మనిషి. తన జీపును కన్నబిడ్డలా చూసుకునేవాడు. మూడోదాన్ని నేను, నోరు కాస్త ఎక్కువున్నదాన్ని.

మొదటి రోజే డ్రైవరు అలిగాడు. "గింత మంచి జీపుల ఒంటేలు మోసుడేంది మేడమ్? మా ఊర్ల తెలిస్తే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"చెప్పకు మరి," అన్నాను.

"వాసనే జెప్తది," అన్నాడు.

నాచు అనేసరికి జనానికి బావిలో నాచు గుర్తొచ్చేది. కోరుట్లలో బీడీలు చేసే ఒకావిడ పొట్లాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నాచు మీద కాలు జారి పడ్డోళ్లను జూసిన గని, తాగినోళ్లను జూడలే మేడమ్," అంది. అయినా చేరింది. బుగ్గారం, పెగడపల్లి వైపు రైతులు కూడా చేరారు. ఒకసారి రాయి నొప్పి పడ్డ మనిషి నాచు కాదు, రాళ్లు నూరి ఇచ్చినా తాగుతాడు. మిగిలినవాళ్లు సిరిసిల్లలో మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు.

మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. రేకుల షెడ్డులో ఎండ పైనుంచి, యంత్రాల వేడి పక్కనుంచి. చెమట కారుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం తాగరు. ఎందుకు తాగరో నాకు ఒక పెద్దాయన చెప్పాడు. యాభై దాటిన మనిషి, పొడుగ్గా, పొడి దగ్గుతో.

"తాగితే ఒంటికి పోవాలె మేడమ్. నేను పోయొచ్చేదాంక పోగు ఆగుతదా? తెగిన పోగు చూసుకోకుంటే గుడ్డంత ఖరాబైతది."

రాళ్ల వల్ల ఆయనకు ఒక కిడ్నీ అప్పటికే పోయింది, తీసేశారు. మిగిలింది ఒక్కటే. పొడి సంగతి విని అందరికన్నా ముందు వచ్చి కూర్చున్నది ఆయనే. డాక్టరమ్మ కాగితాలు చూసి కుదరదంది. ఒక్క కిడ్నీ ఉన్నవాళ్లకు ఇంకా పరీక్షలో ఉన్న మందు ఇవ్వకూడదని నియమం.

"ఉన్నదే ఒక్కటి. గది పోతే నేను పోయినట్టే. ముందు నాకే ఇయ్యాలె గద!" అన్నాడాయన.

"ఉన్నది ఒక్కటే కాబట్టే ఇవ్వలేనండీ," అంది డాక్టరమ్మ. "నీళ్లు బాగా తాగండి. నొప్పి వచ్చినా, రంగు మారినా వెంటనే రండి. అస్సలు ఆలస్యం చేయొద్దు."

"నీళ్లు తాగుమని అందరు జెప్తరు," అంటూ ఆయన లేచి వెళ్లిపోయాడు. నాకు మనసు చివుక్కుమంది.

ఆయన జోడీని మాత్రం చేర్చుకున్నాం. జోడీ అంటే, ఒకే వరస సాంచాల మీద పగలు ఒకరు, రాత్రి ఒకరు పనిచేస్తారు. వారం వారం మారుతుంటారు. సాంచా ఆగదు, మనుషులే మారతారు. ఈ జోడీ మనిషికి ముప్పై అయిదేళ్లుంటాయి. ఒకసారి రాయి పడిపోయింది, రెండు కిడ్నీలూ బాగున్నాయి. పెద్దాయన్ను అన్నా అంటాడు, ఆయన తమ్మీ అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, సాంచాలే చుట్టరికం.

కొన్నాళ్లు పని బాగానే సాగింది. క్యాన్లు తేవడానికి డ్రైవరు ఒక్కడే వెళ్లేవాడు. నేను జగిత్యాలలో కూర్చుని పరీక్షలు చేసేదాన్ని. సిరిసిల్ల నుంచి వచ్చే క్యాన్ల మీద నడుమ ఒక నీలిగీత ఉండేది. డ్రైవరు ఏదో గుర్తు పెట్టుకుంటున్నాడనుకుని స్పిరిట్‌తో తుడిచేసేదాన్ని. నేను వాళ్లతో పెట్టించిన గుర్తేమోనని అతను అనుకున్నాడట. ఒకే చోట పనిచేసేవాళ్లం, ఆ ముక్క ఒకరినొకరం అడిగిన పాపాన పోలేదు.

ఒకరోజు ఆ తమ్ముడి నంబరున్న క్యానులో రక్తం కనిపించింది. కంటికి కాదు, పరీక్ష కాగితం రంగు మారింది. సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్రకణాలు, వాటి నడుమ గుంపులు గుంపులుగా పలుకులు. డాక్టరమ్మ అతన్ని పిలిపించి స్కాన్ తీయించింది. రాయి లేదు, వాపు లేదు, మనిషి గట్టిగా ఉన్నాడు. సరేలెమ్మనుకున్నాం. తర్వాత వచ్చిన క్యానులో ఇంకా ఎక్కువ రక్తం.

డాక్టరమ్మ ముఖం పాలిపోయింది. "మేడమ్, ఇట్లాంటి నాచు పదార్థాలకు రక్తాన్ని పలచబరిచే గుణం ఉంటుందని చదివాను. పొడి వల్లే రక్తం పడుతుంటే? ఇంతమందికి ఇచ్చామే!" అంటూ సముద్రం ఒడ్డు వాళ్లకు ఫోన్ చేయబోయింది.

"చేద్దువు గానీ, అతన్ని ఇంకొక్కసారి పిలువు తల్లీ," అన్నాను.

అతను వచ్చాడు. డాక్టరమ్మ పొడి ఆపేయమని చెప్పింది. నేను ఒక చిన్న సీసా చేతికిచ్చి, ల్యాబు పక్కగదిలోనే పట్టి ఇమ్మన్నాను. పరీక్ష చేస్తే శుభ్రంగా ఉంది. రక్తం ఊసే లేదు. మనిషిలో లేని రక్తం క్యానులోకి ఎక్కడి నుంచి వచ్చింది?

"నిజం చెప్పు. క్యానులో ఏం కలుపుతున్నావు?" అని గదమాయించాను.

"ఏం గలుపుత మేడమ్? షెడ్డుల వేడికి గట్లయితున్నదేమో," అని నేల చూపులు చూశాడు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ క్యాను పట్టి పెట్టమని చెప్పి పంపాను. అది తీసుకునే రోజు మాత్రం డ్రైవరును ఒంటరిగా పంపలేదు. చెప్పా పెట్టకుండా నేనే జీపెక్కాను.

పొద్దున మనుషులు మారే వేళకు షెడ్డుకు చేరాం. లోపల మన మాట మనకే వినపడదు. సాంచా పక్కన మేకుకు గుడ్డపేలికతో కట్టి మా తెల్ల క్యాను వేలాడుతోంది. పగటి పని అందుకోవడానికి తమ్ముడు అప్పుడే వచ్చి చొక్కా విప్పుతున్నాడు. నన్ను చూసి బిత్తరపోయాడు.

క్యాను చూపించి అరిచాను. "ఎవరిదిది?"

"మాదే మేడమ్."

"మాదే అంటే ఎవరిది?"

"సాంచాది."

నేను సరిగా వినలేదేమోనని అతన్ని చెయ్యి పట్టుకుని గుమ్మం దగ్గరికి లాక్కొచ్చాను. అక్కడ చెప్పాడు.

"మీరే గద పేరు రాయొద్దన్నరు. నంబరు ఒక్కటే ఉన్నది. మా షెడ్డుల నంబరుంటే గది సాంచాదే మేడమ్, మనిషికి నంబరెక్కడిది? పగలు రాత్రి గలిపి ఒక్క క్యాను గావాలన్నరు. పగలు నేను బోస్త, రాత్రి అన్న బోస్తడు. ఇంకెట్ల జెయ్యాలె?"

"ఓరి మీ ఇల్లు బంగారం గాను! ఇంటికి తీసుకుపోవచ్చు కదయ్యా?"

"గది చేతుల బట్టుకొని వాడకట్టుల నుంచి ఎట్ల పోవాలె? ఆడోళ్లు నవ్వరా?"

ఒక పక్క నవ్వు, ఒక పక్క కోపం. "మరి పొడి? అదైనా నువ్వు తాగినవా?"

తలొంచుకున్నాడు. "సగం సగం."

"అయ్యో!"

"ఒక్క చాయ్ తెచ్చుకుంటె ఇద్దరం తాగుతం మేడమ్. ఆయన చూస్తాంటె నేనొక్కన్ని ఎట్ల మింగాలె? ఆయనకున్నదే ఒక్కటి. నాకు రెండున్నయి."

అప్పుడు వెలిగింది. రక్తం ఇతనిది కాదు. ఒకే ఒక్క కిడ్నీ ఉన్న ఆ పెద్దమనిషిది. లోపలికి పరుగెత్తి క్యాను చేతిలోకి తీసుకున్నాను. దాని మీద అదే నీలిగీత.

"ఈ గీత ఏంది?"

"నేను దిగేటప్పుడు బెట్టిన. గుడ్డ మీద పెడ్తం గద, పని ఏడిదాంక అయిందో ఎరుకయ్యేటందుకు. గీత కింద నాది, మీద అన్నది."

క్యానును వెలుతురులోకి ఎత్తాను. మూత్రం సరిగ్గా గీత దగ్గర ఆగిపోయి ఉంది. గీతకు పైన ఏమీ లేదు. రాత్రంతా పనిచేసిన మనిషిది ఒక్క చుక్క కూడా అందులో లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంతగా భయపడింది అదొక్కసారే.

"అన్న ఏడి?"

సాంచాల వెనక దారం మూట మీద కూర్చుని ఉన్నాడు పెద్దాయన. ఒక చెయ్యి నడుము మీద, ముఖం ఉబ్బి ఉంది. నన్ను చూసి లేవబోయి కూలబడ్డాడు.

"ఏం లేదు మేడమ్. జర నడుం బట్టింది."

"ఒంటికి ఎప్పుడు పోయినవన్నా?"

"నిన్న పొద్దుగాల పోయినట్టున్న. తర్వాత రాలే. నీళ్లు తాగలే గద, గందుకే రాలేదనుకున్న."

"రక్తం పడుతోందని తెలుసా నీకు?"

"తెలుసు." దొరికిపోయిన పిల్లాడిలా నవ్వాడు. "పొడికి రాయి పలుగుతున్నదనుకున్న. మీకు జెప్తె తమ్మికి గూడ పొడి బందు వెడ్తరని జెప్పలే."

తమ్ముడు అక్కడే నేల మీద చతికిలబడ్డాడు. "నువ్వు తక్కువైందంటివి గదనే! రక్తమేందే అంటె మంచిగైందంటివి గదనే!"

రాయి జారి వచ్చి దారికి అడ్డం పడింది. రెండో కిడ్నీ ఉన్నవాళ్లకైతే అది నొప్పితో పోయే సంగతి. ఈయనకు అది ప్రాణం మీదికి వచ్చింది. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఎప్పుడూ కంగారుపడే పిల్ల, ఆ రోజు మాత్రం గొంతులో తొణుకు లేకుండా చెప్పింది. "జగిత్యాల తేవద్దు మేడమ్, నేరుగా కరీంనగర్ తీసుకెళ్లండి. అక్కడ నేను చెప్పి పెడతాను. తాగడానికి ఏమీ ఇవ్వొద్దు."

పని ఆపి వస్తే ఎట్లా అని పెద్దాయన సాంచాల వైపు చూస్తూనే ఉన్నాడు. షెడ్డు నడిపే ఆసామి వచ్చి స్విచ్చి ఆపేశాడు. ఆ వరస సాంచాలు ఆగిపోవడం నేను మొదటిసారి చూశాను, వాళ్లు కూడా మొదటిసారే చూసినట్టున్నారు. నలుగురు కలిసి ఆయన్ను ఎత్తి జీపులో కూర్చోబెట్టారు.

తమ్ముడు వెనకసీట్లో ఆయన్ను పట్టుకుని కూర్చున్నాడు. గతుకు తగిలినప్పుడల్లా పెద్దాయన మూలిగేవాడు. మా డ్రైవరు అద్దంలో వెనక్కి చూస్తూ, చూస్తూ, ఇక ఉండబట్టలేక అన్నాడు.

"అన్నా, జర వచ్చినట్టైతే ఆపుకోకే. సీటు మీదనే పోసెయ్యి. నేను కడుక్కుంట."

"నీ జీపు ఖరాబైతది గదనే," అన్నాడు పెద్దాయన.

"అయితె కానియ్యే! నువ్వు పోస్తె చాలు!"

అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. కరీంనగర్ వచ్చేదాకా సీటు పొడిగానే ఉంది. జీపు సీటు పొడిగా ఉందని అతను బాధపడటం చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆసుపత్రివాళ్లు మా కోసం సిద్ధంగా ఉన్నారు. రాయిని తర్వాత తీయవచ్చు, ముందు దారి ఇవ్వాలని చెప్పి కిడ్నీలోకి సన్నటి గొట్టం పెట్టారు. మేము బయట నిలబడ్డాం. తమ్ముడు గోడకు తల ఆనించి, "నేను పొడి ఇయ్యకపోతే గిట్లయ్యేది కాదేమో మేడమ్. నా చేతులార నేనే ఇచ్చిన," అని ఒకటే మాట. కాదని చెప్దామంటే, ఆ పొట్లంలో ఏముందో నాకూ తెలియదు కదా.

చాలాసేపటికి నర్సు వచ్చి, మూత్రం ధారగా వస్తోందని చెప్పింది. డ్రైవరు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. తమ్ముడు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను మాత్రం తక్కువ తిన్నానా, నేనూ ఏడ్చాను. పెద్దాయన కిడ్నీ దక్కింది, మనిషి దక్కాడు.

మా పరిశీలన మాత్రం దక్కలేదు. వాకబు చేస్తే మిగతా షెడ్లలో కూడా క్యాను సాంచాదే అయింది. కొన్నిచోట్ల పొడి కూడా పంచుకున్నారు. ఎవరినీ ఏమీ అనడానికి లేదు. మేము మనిషికి ఇచ్చామనుకున్న నంబరును వాళ్లు సాంచాకు ఇచ్చామనుకున్నారు, అంతే. డాక్టరమ్మ జరిగింది జరిగినట్టు రాసి పంపింది. సిరిసిల్ల క్యాన్లన్నీ లెక్కలోంచి తీసేశారు. కోరుట్ల, బుగ్గారం, పెగడపల్లి వాళ్లవి మాత్రం తీసుకున్నారు. పొడి తాగినవాళ్లలో పలుకులు కొద్దిగా చిన్నవైనట్టు అనిపించిందట. కానీ మిగిలినవాళ్లు తక్కువమంది కాబట్టి గట్టిగా చెప్పలేమన్నారు.

"అంటె ఇన్ని దినాలు నేను మోసింది ఉత్తదేనా?" అన్నాడు డ్రైవరు.

"ఉత్తదెట్లవుతుందయ్యా," అంది డాక్టరమ్మ. ఆ తర్వాత ముగ్గురం చాయ్ తాగాం.

నేను రిటైరయ్యే ముందు సముద్రం ఒడ్డు నుంచి గుట్టు విప్పిన జాబితా వచ్చింది. ఆ తమ్ముడి నంబరు చూశాను. ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. ఆ వారమే సిరిసిల్ల వెళ్లాను. సాయంత్రం మనుషులు మారే వేళ. ఆ వారం పగలు పని పెద్దాయనది. రాయి తీసేశాక కోలుకుని మళ్లీ సాంచా ఎక్కాడు. మానుకోమంటే వినలేదు, ఆయనకు వచ్చిన పని అదే.

గుమ్మంలో అడుగుపెట్టగానే అక్కడే ఆగిపోయాను. అదే మేకుకు మళ్లీ తెల్ల క్యాను! దాని మీద నీలిగీత!

"ఏందన్నా ఇది? పరిశీలన ఎప్పుడో అయిపోయింది కదా!" అని కేకేశాను.

పెద్దాయన నవ్వుతూ ఆ క్యాను దించి, మూత తీసి, నా కళ్లముందే గటగటా రెండు గుక్కలు తాగాడు. నా ప్రాణం పోయినంత పనైంది.

"కొత్తది మేడమ్! మీ డ్రైవరు ఇచ్చిపోయిండు, మిగిలినయట. మంచినీళ్లు పోసుకుంటున్నం. గీత మీదివి నావి, కిందివి తమ్మివి."

అప్పుడే రాత్రి పనికి వచ్చిన తమ్ముడు కూడా నవ్వాడు. నవ్వు తగ్గాక నేను అసలు సంగతి చెప్పాను. "మీరిద్దరు సగం సగం పంచుకున్న పొట్లాల్లో సముద్రం లేదు తమ్మీ. ఉత్త పిండి. అన్నకు వచ్చింది పొడి వల్ల కాదు. నీ తప్పు ఏమీ లేదు."

అతను చాలా రోజులుగా మోస్తున్న బరువు దిగినట్టు పెద్దగా ఊపిరి వదిలాడు. పెద్దాయన మాత్రం నమ్మలేనట్టు చూశాడు.

"ఉత్త పిండా? గా పిండి కోసం నేను నీ మొకం జూసుకుంట కూసుంటినారా?"

"సగం కంటె ఎక్కువ నీకే పోసిన గదనే," అన్నాడు తమ్ముడు.

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత పెద్దాయన చేతులు తుడుచుకుని, పని అప్పజెప్పి వెళ్లబోయాడు. తమ్ముడు కదల్లేదు. క్యాను అందుకుని వెలుతురులోకి ఎత్తి చూశాడు. నీళ్లు గీతకు ఇంకా రెండు వేళ్లు పైన ఉన్నాయి.

"గీతదాంక కాలేదు," అన్నాడు.

"ఇంటికాడ తాగుతనే."

"ఈడనే తాగు. తాగినంకనే నేను సాంచా ముట్టుకుంట."

పక్క సాంచాలో అప్పుడే పోగు తెగింది. తమ్ముడు అటు చూడను కూడా లేదు. పెద్దాయన నా వైపు చూసి, గొణుక్కుంటూ క్యాను ఎత్తి గీత దాకా తాగాడు.